ప్రచారం అనుపానమే గాని ఔషధం కాదు

ఔషధం ఎంత శ్రేష్ఠమైనదైనా దానికి తగిన అనుపానం ఉండవలెనని మన ఆయుర్వేదం చెబుతున్నది. ఒక చూర్ణాన్ని తేనెతో, మరొక దానిని నేతితో, ఇంకొక దానిని గోరువెచ్చని నీటితో సేవించుట మనకందరికీ తెలిసినదే. అయితే చూర్ణాన్ని పక్కన పెట్టి ఒట్టి తేనె నాకి ఊరుకుంటే జబ్బు నయమవుతుందా? వ్యాపారం మందగించిన రోజులలో వాట్సాప్, ఫేస్‌బుక్‌ల ద్వారా చేసే ప్రచారానికి కూడా ఈ సూత్రమే వర్తిస్తుందని నా అభిప్రాయం. ఇది ఎక్కడో విని చెబుతున్న మాట కాదు, పొరపాటు చేసి నేర్చుకున్న మాట.

నారాయణఖేడ్‌లో మాది చిన్న మూలికల దుకాణం. ఎండు మూలికలతో పాటు లైసెన్సు గల సంస్థలు తయారు చేసిన చూర్ణాలు, లేహ్యాలు అమ్ముతాము. పూర్వం మెదక్ జిల్లాలోను, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోను ఉన్న మా ఊరు కర్ణాటక సరిహద్దుకు చేరువ. చుట్టుపక్కల తండాల నుండి ఎందరో చెరకు నరకటానికి పొరుగు రాష్ట్రాలకు వలస వెళతారు. వారి చేతిలో నాలుగు రూపాయలు ఆడితేనే మా అంగళ్లు కళకళలాడతాయి. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏప్రిల్, మే, జూన్ నెలలలో దేశ ఉత్పత్తి అంతకు ముందటి ఏడాదితో పోల్చితే దాదాపు నాలుగవ వంతు పడిపోయింది. ఆ లెక్క మాకు పత్రికలలో చదవకముందే గల్లాపెట్టెలో కనిపించింది.

అప్పుడు మా అన్నగారి అబ్బాయి వాట్సాప్‌లో దుకాణం పేర ఒక ఖాతా తెరిచాడు. తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠితో కషాయం సేవించవచ్చునని కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ మార్చి నెలాఖరున సూచించి ఉన్నది. ఆ దినుసులలో మా వద్ద ఉన్నవేమిటో, ఏది ఎంత తూకానికి ఎంత ధరో రాసి, తెలిసిన ఇళ్లకు పంపించాము. ఎవరు ఏమి అడిగినా ఆనాడే బదులిచ్చాము. ఖర్చు లేదు, అప్పు లేదు. పాత ఖాతాదారులు మమ్ము మరువలేదు. నిజం చెప్పవలెనంటే, దుకాణం నిలబడినది ఆ చిన్న సందేశాల వల్లనే.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కొద్ది నెలలకు అమ్మకాలు మళ్లీ తగ్గాయి. నగరం నుండి వచ్చిన ఒక ప్రచారకర్త, ధరల పట్టీలను ఎవరూ చూడరని, జబ్బు పేరు పెద్ద అక్షరాలతో వేస్తేనే జనం ఆగి చదువుతారని నచ్చజెప్పాడు. నేరేడు గింజల చూర్ణం బొమ్మ వేసి, “మధుమేహం సమూల నాశనం” అని రంగుల ప్రకటన తయారు చేసి ఇచ్చాడు. నేను కాదనలేదు. ఆ వారం అమ్మకాలు రెట్టింపయ్యాయి.

నెల తిరగకుండానే మా పాత ఖాతాదారైన ఒక పెద్దమ్మను రక్తంలో చక్కెర విపరీతంగా పెరిగి ఆసుపత్రిలో చేర్చారని తెలిసింది. చూడబోయాను. “నువ్వు పంపిన ఫోటుల రాసుందని మా మనుమడు చదివి చెప్పిండు. అందుకే గోలీలు బంద్ చేసిన బిడ్డా” అన్నది. ఆ మాటలో కోపం లేదు. అందువల్లనే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమె కోలుకున్నది. నేను ప్రకటన తీసివేశాను. కాని అప్పటికే అది ఎన్ని ఫోన్లకు పాకిందో ఎవరు చెప్పగలరు? అంగట్లో నోరు జారితే ఒకరు వింటారు, ఫోన్‌లో జారితే ఊరంతా వింటుంది.

మధుమేహం వంటి వ్యాధులను నయం చేస్తామని మందులను ప్రకటించుట 1954 నాటి చట్టం ప్రకారమే నిషిద్ధం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనలను శిక్షార్హం చేసింది. ఫోన్‌లో పంపినంత మాత్రాన ప్రకటన ప్రకటన కాకుండా పోదు.

అయితే ప్రచారమే వద్దా? అట్లా అనుట అవివేకం. 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు సంగీత సభలలో దానిని ఉచితంగా పంచి జనానికి పరిచయం చేశారు. వాడి చూసినవారు మళ్లీ కొన్నారు. నుదుటికి రాసుకుని తేల్చుకోదగిన సరుకును నలుగురి చేతిలో పెట్టుట మంచి ప్రచారం. రోగి కంటికి కనిపించని ఫలితాన్ని మాటలతో అమ్ముట మోసం.

మన మధ్యతరగతి ఇళ్లలో ఎందరో సోదరీమణులు సున్నిపిండి, కుంకుడు పొడి, ఉసిరి పచ్చడి వంటివి తయారు చేసి ఫోన్ ద్వారా అమ్ముతున్నారు. వారికి నా అనుభవంతో కొన్ని మనవులు. అంగీకరించిన వారికే సందేశం పంపండి, వారానికి ఒకటి చాలును. అందులో దినుసులు, తూకం, ధర, తయారైన తేదీ తప్పక రాయండి. గిరాకీ తగ్గితే పావు కిలో పొట్లానికి బదులు వంద గ్రాముల పొట్లం కట్టండి, నాణ్యతను మాత్రం తగ్గించకండి. అప్పు తెచ్చి ప్రకటనలకు పోయకండి. జబ్బు నయమవుతుందన్న మాట ఎన్నడూ రాయకండి.

కొనేవారికి ఒక్కటే మనవి. ఫోన్‌లో వచ్చిన ఏ ప్రకటన చూసీ, వైద్యుడు ఇచ్చిన మందును ఆయనను అడగకుండా మానకండి.

ఆ పెద్దమ్మ ఇప్పటికీ మా దుకాణానికి వచ్చి శొంఠి, మిరియాలు కొంటుంది. నేను మాత్రం పొట్లం కట్టి ఇచ్చేముందు, గోలీలు వేసుకుంటున్నదా లేదా అని ప్రతిసారి అడుగుతాను. ఆ ప్రశ్నను మించిన ప్రచారం మా దుకాణానికి అవసరం లేదు.