మాత్ర తెలిసినప్పుడే మందు

కర్నూలులో మా పెరటి గోడవారగా ఉన్న బిళ్ళగన్నేరు ఎంతటి ఎండకైనా వాడక పూస్తూనే ఉంటుంది. మధుమేహానికని ఇరుగుపొరుగువారు దాని ఆకులు కోసుకొనిపోవడం నేను చిన్ననాటి నుండి చూస్తున్నాను. ఇటీవల ఒక తల్లి వచ్చి, రక్త క్యాన్సరుకు చికిత్స పొందుతున్న తన కుమారునికి ఆ ఆకురసం పట్టవచ్చునా అని అడిగింది.

"వద్దమ్మా, ఆ మొక్క మందు మీవానికి ఆసుపత్రిలోనే అందుతూ ఉండవచ్చు, కనుక్కో" అన్నాను. వింక్రిస్టిన్ బిళ్ళగన్నేరు నుండి వచ్చినదే. దానిని వైద్యులు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించనీయరు. మించితే నరాలు దెబ్బతింటాయి. గుప్పెడు ఆకులో ఏ క్షారము ఎంత ఉన్నదో ఎవరు చెప్పగలరు?

సరిగా వాడిన విషం ఔషధమవుతుందనీ, సరిగా వాడని ఔషధం విషమవుతుందనీ చరకుడు హెచ్చరించాడు. మనం నేడు గోలీని మాత్ర అంటున్నాము కాని, ఆయుర్వేదంలో మాత్ర అంటే పరిమాణం.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన ఎమినోప్టెరిన్‌తో లుకేమియా పిల్లలకు తాత్కాలికంగా ఉపశమనం కలిగినట్లు 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. దీనిని పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు 24, 48 గంటలకు రక్తంలో ఎంత మిగిలిందో కొలిచి, విరుగుడు ఎంతకాలం ఇవ్వాలో నిర్ణయిస్తారు. ఆ కొలిచే యంత్రాలు ఖరీదైనవి. చిన్న ఊళ్ళకు అందుబాటులో లేనివి.

ఇందుకు చౌకైన మార్గం ఒకటి ఉన్నది. 1958లో రాల్ఫ్ ఆడమ్స్ గ్రాఫైటు పొడిని ఒక ద్రవంతో ముద్దచేసి ఎలక్ట్రోడుగా వాడాడు. ఆ ముద్దపై తగిన పాలిమరునో, సూక్ష్మ లోహకణాలనో చేర్చితే, మందు అణువులు దానిని తాకి ఎలక్ట్రాన్లను వదులుతాయి. మందు ఎంత ఉంటే విద్యుత్తు అంత. మన ఇళ్ళలోని గ్లూకోమీటరు పట్టీ కూడా ఈ కుటుంబానిదే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇటువంటి ఎలక్ట్రోడులపై పరిశోధనలు జరిగాయి.

అయితే రక్తం స్వచ్ఛజలం కాదు. అందులోని యూరిక్ ఆమ్లం, విటమిన్ సి కూడా విద్యుత్తునిచ్చి లెక్క తప్పిస్తాయి. కనుక ఈ ఎలక్ట్రోడులను రోగుల రక్తంపై, పెద్ద యంత్రంతో సరిచూస్తూ పరీక్షించాలి. కడప యోగి వేమన విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు, కర్నూలు వైద్య కళాశాల వైద్యులు కలసి ఇందుకు పూనుకోవాలని నా అభిప్రాయం. పరిశోధన పత్రికలోనే ఆగిపోతే కరవుసీమ రోగికి ఒరిగేదేమీ లేదు.

అంతవరకు గృహస్థులకు నా మనవి ఒక్కటే. క్యాన్సరు చికిత్స జరుగుతున్నప్పుడు ఏ కషాయమైనా, ఏ చూర్ణమైనా వైద్యునికి చెప్పకుండా వాడకండి. ఇదివరకే వాడుతూ ఉంటే దాచక చెప్పండి. బిళ్ళగన్నేరు పూలు పూజకు కోసుకోండి. ఆకును మాత్రం నోట పెట్టకండి.