జట్టు పిల్లల్నే కట్టుకోనివ్వండి



గ్రూప్ ప్రాజెక్టులు మొదలయ్యే వారంలో క్లాస్ టీచర్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. మా బాబును టాపర్స్ గ్రూపులో వేయండి, మా పాపకు ఆ అమ్మాయితో వద్దండీ అని. మీ ఆదుర్దా అర్థం చేసుకోగలం. కానీ ప్రాణాలతో చెలగాటమాడే పనికి ఒకప్పుడు జట్లు ఎలా కట్టారో చూడండి.

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో, శిక్షణకు వచ్చిన పైలట్లు, నావిగేటర్లు, బాంబులు గురిచూసి వేసేవాళ్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు, గన్నర్లు అందరినీ ఒక పెద్ద హ్యాంగర్‌లో చేర్చి, మీలో మీరే జట్లు కట్టుకోమని వదిలేసేవారు. మాట కలిసినవాడితో, చూడగానే నమ్మకం కుదిరినవాడితో చేరిపోయేవారు. ఎవరూ పిలవని వాళ్లు చివరికి తమలో తాము కలిసేవారు. మిలిటరీలో ఇదేం పద్ధతి అనిపిస్తుంది కదా! తర్వాత మిగతావాళ్లు చేరితే లాంకాస్టర్ విమానానికి మొత్తం ఏడుగురు.

ఆ నమ్మకం ఎక్కడ పనికొచ్చేదంటే, రాత్రి పూట శత్రువు ఫైటర్ వెనక నుంచి వస్తే పైలట్‌కు కనబడదు. తోకలో కూర్చున్న గన్నర్‌కు కనబడుతుంది. అతను ఎడమకో కుడికో అని అరవగానే, పైలట్ ఎందుకని అడగకుండా విమానాన్ని ఆ పక్కకు డైవ్ చేయాలి. అరిచినవాడు హోదాలో చిన్నవాడైనా సరే. అలాగే పైలట్ సార్జెంటే అయినా, వెనక ఆఫీసర్ కూర్చున్నా, గాల్లో ఉన్నంతసేపూ కెప్టెన్ పైలటే.

ఇది గెలుపు కథ మాత్రం కాదు. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. జట్టు ఎంత బాగా కుదిరినా ఫిరంగి గుండును ఆపలేదు. కుదరకపోతే మాత్రం, తప్పించుకోగలిగిన ప్రమాదం కూడా ముంచేస్తుంది.

మన పిల్లల ప్రాజెక్టులో పోయేది ఐదు మార్కులు. అందుకోసం ఫోన్ చేసి కట్టించిన టాపర్స్ గ్రూపులో సాధారణంగా జరిగేది ఒకటే: పనంతా ఒక పిల్ల మీద పడుతుంది, చార్టు మాత్రం రాత్రి పదకొండింటికి వాళ్లమ్మ అంటిస్తుంది. మిగతా పిల్లలకు అది తమ జట్టే అనిపించదు, ఎందుకంటే వాళ్లు ఎంచుకున్నది కాదు.

ఎవరూ పిలవక ఒంటరిగా మిగిలే పిల్లాడి సంగతి నిజమైన చిక్కే. టీచర్ కలగజేసుకోవాల్సింది అక్కడే, మీ సిఫార్సు దగ్గర కాదు.

ఈసారి ఫోన్ చేయకండి. ప్రాజెక్టు నడుస్తున్నప్పుడు ఇంట్లో ఒక్క మాట అడగండి: "నీ గ్రూపులో, నీకు తెలియనిది ఎవరికి బాగా తెలుసు నాన్నా?"