నిత్యాభ్యంగానికి పంచాంగం అడ్డు కాదు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, ఇటిక్యాల పరిసర గ్రామాలలో, అభ్యంగస్నానం అనగానే గృహస్థులకు స్ఫురించేవి నరకచతుర్దశి, భోగి, ఉగాది. ఆ పర్వదినాలలో తలంటుకొని, సున్నిపిండితో నలుగు పెట్టుకొని, కుంకుడురసంతో స్నానం చేస్తారు. తక్కిన దినాలలో నూనె పోపుగరిటెకే పరిమితం. ఆయుర్వేదం అభ్యంగాన్ని పండుగలకు కేటాయించలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో దానిని నిత్యకృత్యంగా విధించి, శిరస్సు, చెవులు, పాదాలు అనే మూడు స్థానాలను విశేషించి పేర్కొన్నాడు.

నిత్యవిధి పర్వదినపు వేడుకగా కుంచించుకుపోవడానికి భక్తులు చెప్పే కారణం పంచాంగం. ఏకాదశి, అమావాస్య, శ్రాద్ధదినం, ఉపవాసదినం, వాటికి తోడు కొన్ని వారాలు తైలానికి నిషిద్ధమని పెద్దల మాట. పురుషులకు శనివారం, స్త్రీలకు శుక్రవారం అని ఇండ్లలో వాడుక. అయితే నిషేధం చెప్పిన ధర్మశాస్త్ర సంప్రదాయమే మినహాయింపునూ చెప్పినది. ఆవనూనె, సుగంధతైలం, పుష్పవాసితతైలం, అన్యద్రవ్యం కలిపిన తైలం దోషానికి లోబడవని నిబంధకారుల నిర్ణయం. నువ్వులనూనెలో గుప్పెడు మందారపూలు వేసి కాచుకొన్న ఇల్లాలికి వారం అడ్డు రాదు. వ్రతదీక్షలో, శ్రాద్ధదినాన నియమం నియమమే. దానిని సడలించనక్కర లేదు. కానీ మోకాళ్ళు పట్టుకుపోయిన వృద్ధురాలు వారదోషానికి జంకి నూనెగిన్నెను ముట్టకపోవడం శాస్త్రభక్తి కాదు, శాస్త్రాన్ని సగం విని ఆగిపోవడం.

దేహాన్ని మర్దించుకోవడం దేహాభిమానమనీ, సాధకునికి తగదనీ మరికొందరి ఆక్షేపం. ఆంజనేయస్వామికి నూనెలో కలిపిన సింధూరాన్ని భక్తితో పూసే చేతులు, ఆ స్వామి ముందు సాష్టాంగపడవలసిన మోకాళ్ళను మాత్రం ఎండగట్టుకోవాలా? చరకుడు సూత్రస్థానంలో మూడు ఉపమానాలు చెప్పినాడు: నూనె పట్టించిన కుండ, నూనెతో మర్దించిన తోలు, కందెన వేసిన ఇరుసు. అవి ఎట్లు దృఢమై శ్రమకు ఓర్చుకుంటాయో, అభ్యంగంతో దేహమూ అట్లే. ఎద్దులబండి ఇరుసుకు కందెన వేసినవారికీ, మోటబావిపై తోలుబొక్కెనను ఎరిగినవారికీ ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. స్పర్శేంద్రియం చర్మాన్ని ఆశ్రయించినది, అక్కడ వాయువే అధికుడు. కనుకనే చర్మానికి తైలం పరమహితమని ఆయన యుక్తి. నడిగడ్డ ఎండలలో పత్తివిత్తనపు చేలలో నిలబడి, పువ్వు పువ్వుకూ చేతితో పుప్పొడి అంటించే స్త్రీల వ్రేళ్ళకూ, నడుములకూ ఇది ఎంత అవసరమో! వారికి ఖరీదైన సీసాలు అక్కరలేదు. గానుగలో ఆడించిన నువ్వులనూనె చాలు.

విధానం క్లిష్టం కాదు. నూనెగిన్నెను వేడినీటిలో నిలిపి గోరువెచ్చన చేయవలెను, పొయ్యిమీద కాగబెట్టరాదు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు ఆ వేడిని మణికట్టుపై పరీక్షించుకొనుట తప్పనిసరి. చేతులను, కాళ్ళను నిడివిగా, కీళ్ళను వర్తులంగా మర్దించి, కొంతసేపు ఆగి సున్నిపిండితో స్నానం చేయవలెను. అజీర్ణంలోనూ, కఫం ప్రకోపించినప్పుడూ, శోధనచికిత్స జరిగిన వెంటనేనూ అభ్యంగం కూడదని వాగ్భటుడే వారించినాడు. జ్వరంలోనూ, భోజనం చేసిన వెంటనేనూ మానుకొనుట మేలు.

బీచుపల్లి వద్ద కృష్ణాస్నానానికి వెళ్ళేవారు తైలపు జిడ్డును ఇంటివద్దనే పోగొట్టుకొని వెళ్ళవలెను. తీర్థజలంలో మలినం విడువరాదన్నది పాత నియమమే, నేటి నదికి మరింత అవసరం.

సమయం చాలని దినాన రాత్రి పడుకోబోయే ముందు పాదాలకైనా తైలం పట్టించవచ్చును. పిల్లలు పట్నాలకు తరలిపోయి ఒంటరిగా ఉంటున్న వృద్ధులకు ఇదే సులభం. వంగలేనివారికి ఇరుగుపొరుగువారు ఆ సేవ చేయవచ్చును. సంస్కృతంలో నూనెకూ ప్రేమకూ స్నేహమనే ఒకే పేరు కదా. అయితే షాబాదు బండలపై నూనెకాలు జారుతుంది. పాదాలు తుడుచుకొన్న తరువాతనే మంచం దిగవలెను.