మర ఇచ్చి వెళ్ళిపోతే సరిపోదు

చాలా మండలాల్లో ఇలాంటి గది ఒకటి కనిపిస్తుంది. మహిళా సంఘానికి వచ్చిన కారం మర గోనె పట్టా కప్పుకుని ఒక మూల పడి ఉంటుంది. ప్రారంభించిన రోజు తీసిన ఫొటో మాత్రం గోడ మీద ఇంకా ఉంటుంది. అడిగితే అక్కచెల్లెళ్ళు చెప్పేది ఒకటే: "మొదటి సీజను బాగానే నడిచింది, తర్వాత ఆగిపోయింది." వాళ్ళకు చేతకాలేదని ఆఫీసు ఫైళ్ళలో రాసుకుంటారు. మేము ఒప్పుకోము. డబ్బు వచ్చింది, మర వచ్చింది, రెండో సీజను దాకా తోడుండే మనిషి రాలేదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. కిలో ఎండు మిరప 180 రూపాయలకు కొని, కారం కిలో 240కి అమ్మారు అనుకుందాం. అరవై మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ తొడిమ తీసి, మళ్ళీ ఎండబెట్టి, మర పట్టేసరికి కిలో మిరపకు 850 గ్రాముల కారమే మిగిలితే, కిలో కారానికి మిరపే 212 రూపాయలు పడుతుంది. కరెంటుకు పది, కవరుకూ లేబులుకూ పన్నెండు వేస్తే 234. మిగిలింది ఆరు రూపాయలు. పదిమంది కూర్చుని తొడిమలు తీసిన కూలి ఇందులో ఎక్కడా లేదు. కొట్టువాడు నెల రోజుల అరువు అడిగితే ఆ ఆరు కూడా కంటికి కనపడదు. ఇంటి పని లాగే ఈ పనికీ కూలి కట్టుకోకపోవడం ఆడవాళ్ళకు అలవాటు చేశాం. పక్కన కూర్చుని ఈ లెక్క వేయించే మనిషి ఉంటే మొదటి నెలలోనే ధర మారేది. కారంలో తేమ 11 శాతం దాటితే బూజు పడుతుందని, సరుకు తిరిగొచ్చాక కాదు, ముందే తెలిసేది.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం 2020లో 10,000 కోట్లతో పథకం ప్రకటించింది. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ అన్నారు. పొదుపు సంఘం సభ్యురాలికి 40,000 వరకు మూలధనం అన్నారు. కానీ లోతుగా చూడాలి. ఆ 40,000 సంఘాల సమాఖ్యకు గ్రాంటు, సభ్యురాలి చేతికి వచ్చేసరికి తిరిగి కట్టవలసిన అప్పు. ఆ 35 శాతం కూడా వెంటనే చేతికి రాదు. బ్యాంకులోనే ఉంటుంది. అప్పు పూర్తిగా ఇచ్చిన మూడేళ్ళ తర్వాత కిస్తీలు సక్రమంగా ఉండి, యూనిట్ నడుస్తుంటేనే జమ అవుతుంది. అంటే మూడేళ్ళు నిలబడితేనే సాయం అందుతుంది. మరి నిలబెట్టే ఏర్పాటు ఏది?

ఈ పథకంలో జిల్లాకు సలహాదారులను పెట్టారు. మంజూరైన ఒక్కో అప్పుకు వారికి 20,000. సగం అప్పు మంజూరు కాగానే, మిగతా సగం రిజిస్ట్రేషన్లు, శిక్షణ పూర్తయి యూనిట్ మొదలవగానే. వారిని తప్పు పట్టడం లేదు. కానీ జీతం కట్టిన తీరు చూడండి: యూనిట్ మొదలయ్యే రోజుతో వారి పని అయిపోతుంది. ఆడవాళ్ళ కష్టం మొదలయ్యేది ఆ రోజునే.

తోడు లేని అప్పు ఏం చేస్తుందో 2010లో మన ఊళ్ళు చూశాయి. మైక్రోఫైనాన్సు వసూళ్ళ ఒత్తిడికి ప్రాణాలు పోయాక, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది.

మంచి దారులూ మన దగ్గరే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సాగు పాకింది ఎలా? అలా పండించి చూసిన రైతే మహిళా సంఘాల సమావేశాల్లో కూర్చుని మిగతావాళ్ళకు నేర్పుతూ వచ్చారు. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా రైతుల సంఘాలు సాయం తీసుకుని బీడు భూములు సాగులోకి తెచ్చి, బాకీని జొన్నల రూపంలో ఊరి ధాన్య నిధికి తీర్చాయి. ఆ జొన్నలే ఊళ్ళో పేదల ఇళ్ళకు చేరాయి. అక్కడ డబ్బు, నేర్పే మనిషి, కొనే ఇల్లు, మూడూ ఒకే ఊళ్ళో ఉన్నాయి.

అందుకే మన సంఘం కోరేది ఇది. సలహాదారు జీతంలో సగం యూనిట్ రెండేళ్ళు నడిచాక ఇవ్వాలి. జిల్లాలో ఇప్పటికే వ్యాపారం చేసి నిలబడిన మహిళలనే, గౌరవ వేతనం ఇచ్చి, ఆ పనిలో పెట్టాలి. హాస్టళ్ళు, అంగన్‌వాడీలు పప్పు, కారం, నూనె కొనేటప్పుడు నాణ్యత చూసి స్థానిక మహిళా సంఘాలకు ముందు అవకాశం ఇవ్వాలి, నెలలోపు డబ్బు కట్టాలి.

ఇక మన ఇంటి మాట. ఆమె పేరున వచ్చిన సంఘం అప్పు ఎన్నిసార్లు మన ఎరువుల కొట్టు బాకీకి పోలేదు? పంట పోయిన ఏడాది మనకూ వేరే దారి లేదు, నిజమే. అయినా ఆ డబ్బుతో ఆమె వ్యాపారం ఆగింది, కిస్తీ మాత్రం ఆమె మెడకే మిగిలింది. పొలం పట్టా మీద ఆమె పేరు ఉండదు, మన సంఘం సభ్యత్వ పుస్తకంలోనూ ఆడ పేర్లు తక్కువే. పొలంలో సగం పని ఆమెది అని సభల్లో చెప్పే మనం ముందు దీన్ని సరిదిద్దుకోవాలి.

ఈ నెల ప్రతి గ్రామ కమిటీ ఒక పని చేయాలి. మీ ఊళ్ళో మూతపడిన మహిళా యూనిట్ దగ్గరకు వెళ్ళండి. ఎందుకు ఆగిందో ఆ అక్కలనే అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసి పంపండి. ఆ కాగితాలతోనే కలెక్టరు దగ్గరకు వెళదాం. పట్టా కప్పిన ఆ మరల్లో కొన్నయినా వచ్చే మిరప కోతకల్లా తిరగాలి.