మూసిన కవరులోని సాక్ష్యం

లాలాపేట్‌లో నివసించే ఒక సోదరి ఇటీవల మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. ఆమె కుమార్తె ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి అమెరికాలో పై చదువులకు దరఖాస్తు చేస్తోంది. అధ్యాపకులు రాసే సిఫారసు లేఖను చూసే హక్కును వదులుకుంటారా అని దరఖాస్తులో అడిగారు. తండ్రి అనారోగ్యం వల్ల ఆ అమ్మాయికి ఒక సంవత్సరం చదువు ఆగింది. “మా ఇంటి కష్టాన్ని ఆయన ఎలా రాస్తారో తెలియకుండా హక్కును ఎలా వదులుకోవాలి?” అన్నది ఆ తల్లి ఆవేదన.

ఆమె సందేహం సమంజసమైనదే. 1974 నాటి అమెరికా చట్టం విద్యార్థికి తన విద్యా రికార్డులను చూసే హక్కునిచ్చింది. సిఫారసు లేఖల విషయంలో ఆ హక్కును రాతపూర్వకంగా వదులుకునే వీలు కూడా కల్పించింది. అది స్వచ్ఛందం. ప్రవేశానికి దానిని షరతుగా పెట్టరాదు. అయితే హక్కును నిలుపుకున్నా, అది ఉపయోగపడేది ఆ విశ్వవిద్యాలయంలో చేరిన తరువాతే. సీటు రానివారికి వర్తించదు. బ్రిటన్‌లోనైతే 2018 నాటి చట్టం, గోప్యంగా ఇచ్చిన సిఫారసును చూపకుండా ఉండే మినహాయింపునిచ్చింది.

సిఫారసు లేఖ ఒక సాక్ష్యం. సాక్షి మొహమాటం లేకుండా మాట్లాడినప్పుడే ఆ మాటకు విలువ ఉంటుంది. అందుకే మూసిన లేఖపై చదివేవారికి నమ్మకం ఎక్కువ. అయితే ఆ గోప్యత అధ్యాపకుని చేతిలో ఒక అమానతు. అది చాటున నింద మోపడానికి దొరికిన అవకాశం కాదు. మంచిగా రాయలేననుకుంటే ఆ మాట విద్యార్థికి ముందే చెప్పడం న్యాయం.

విద్యార్థుల బాధ్యతా తక్కువేమీ కాదు. తార్నాక హాస్టళ్లలో సీనియర్ల లేఖలు ఫోన్ నుంచి ఫోన్‌కు చేరడం, పేర్లు మార్చి వాడుకోవడం మామూలైపోయింది. “నువ్వే రాసుకురా, సంతకం పెడతాను” అనే అధ్యాపకులూ లేకపోలేదు. తన గురించి తానే రాసుకుని మరొకరి నోట పలికించడం నిజమైన సాక్ష్యం ఎలా అవుతుంది? అధ్యాపకుడు అభిమానంతో లేఖ ప్రతిని ఇచ్చినా, ఆయన అనుమతి లేకుండా ఇతరులకు పంపడం నమ్మకద్రోహమే.

ఆ సోదరికి మేము చెప్పినది ఇదే: అమ్మాయిని స్వయంగా వెళ్లి అధ్యాపకుణ్ణి కలవమనండి. మార్కుల జాబితా, ప్రాజెక్టు వివరాలు, గడువు తేదీ కాగితంపై రాసి ఇవ్వమనండి. “నా గురించి మనస్ఫూర్తిగా రాయగలరా సార్?” అని అడగమనండి. ఇంటి విషయంలో ఏది రాయవచ్చో, ఏది తమ మధ్యనే ఉండాలో స్పష్టంగా చెప్పమనండి. ఆయన తడబడితే మరొకరిని ఆశ్రయించడం మేలు. నిండు మనసుతో ఒప్పుకుంటే, నిశ్చింతగా ఆ హక్కును వదులుకోవచ్చు. అడగవలసినవన్నీ ముందే అడిగిన తరువాత, కవరు మూసి ఉన్నా భయపడవలసిన పని లేదు.