అభ్యాసం వేరు, అర్హత వేరు

శ్రీహరికోట నుండి రాకెట్టు లేచే దినాన సూళ్లూరుపేట దారుల వెంట, పులికాటు ఒడ్డున జనం గుమిగూడుతారు. నిప్పు, పొగ, ఉరుము – కొద్ది నిమిషాల వేడుక. దానికి పూర్వం నెలల తరబడి సాగిన పరీక్షలను తలచుకొనే వారు అరుదు. మోటారు పందేల విషయంలోనూ మన చూపు ఇట్టిదే. ఎవరు గెలిచారన్న ప్రశ్నే గాని, పందేనికి ముందటి రెండు ఘట్టాలు, అనగా అభ్యాసమూ అర్హతా పరీక్షా, మన చర్చకు రావు.

కోయంబత్తూరుకు చెందిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన తొలి భారతీయుడు. 2010 మార్చిలో ఆయన అమెరికాలోని మార్టిన్స్‌విల్‌లో నాస్కార్ సంస్థవారి ట్రక్కుల పందెంలో పాల్గొన్నారు. భారతదేశంలో పుట్టి ఆ సంస్థ పందేలలో దిగినవారిలో ఆయనే ప్రథముడు. అక్కడి బాట అండాకారం. చుట్టు కొలత సుమారు 850 మీటర్లు. రెండు పొడవైన దారులు, కొసలలో ఇరుకు మలుపులు. ఎప్పుడూ ఎడమకే తిరగాలి. గానుగెద్దు చేసేదీ ఇదే గదా అని నవ్వేవారుండవచ్చు. కాని బరువైన బండిని ప్రతి మలుపులోనూ అదుపు చేసి, మరల వేగం అందుకొనడం రెండు వందల యాభై చుట్లు సాగవలసిన పని.

అభ్యాస సమయంలో చోదకుడు నాలుగు చుట్లు తిరిగివచ్చి, ముందు చక్రాలు మలుపు తీసుకొనడం లేదనో, వెనుక భాగం జారుతున్నదనో చెబుతాడు. పనివారు టైర్లలో గాలి మార్చి, స్ప్రింగులు సవరించి మళ్లీ పంపుతారు. లోపం చెప్పడమే అక్కడ అతని విధి. మొహమాటానికి ‘బాగానే ఉన్నది’ అనేవాడు అక్కడ కొరగాడు. అర్హతా పరీక్ష అట్లు కాదు. అప్పటి పద్ధతిలో బాటపై ఒకే బండి. అడ్డుపడేవాడు లేడు, సాకు చెప్పడానికి తోడు లేడు. గడియారం చెప్పిన కాలాన్ని బట్టే బారులో స్థానం. ఆ పందెంలో కార్తికేయన్ పదమూడవవారుగా ముగించారు. ఫార్ములా వన్‌లో ఈ పరీక్ష ఆయనను కరుణించలేదు కూడా. 2011, 2012 సంవత్సరాల ఆస్ట్రేలియా పందేలలో ఆయన జట్టు కార్లు రెండూ నిర్ణీత కాలపరిమితిని అందుకోలేక పందేనికే నోచుకోలేదు.

శ్రీహరికోటలోనూ ఈ విభేదం పాటిస్తారు. గగనయాన యాత్రికులను ఆపద వేళ తప్పించే ఏర్పాటును పరీక్షించడానికి 2023 అక్టోబరు 21న మనుషులు లేని వాహనాన్ని సిద్ధం చేశారు. లేవడానికి ఐదు సెకండ్ల ముందు కంప్యూటరే దానిని నిలిపివేసింది. కారణం కనుగొని, సరిదిద్ది, ఉదయం పది గంటలకు పంపారు. ఆ ఆటంకాన్ని ఎవరూ దాచలేదు. పరీక్ష పెట్టినది అందుకే.

మన కళాశాలలలో జరుగుతున్నదేమి? ప్రీ-ఫైనల్ పరీక్ష అభ్యాసానికే అంటాము. తీరా మార్కులు నోటీసు బోర్డుకు ఎక్కిస్తాము. తక్కువ వచ్చినవారిని అసలు పరీక్షకు పంపడానికే వెనుకాడే కళాశాలలూ ఉన్నవి, ఉత్తీర్ణతా శాతం తగ్గునన్న భయంతో. ఇక విద్యార్థి లోపం ఎందుకు బయటపెడతాడు? పక్కవాని కాగితం చూసి కప్పిపుచ్చుకొంటాడు. ఆ లోపం ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయపు పరీక్షలో బయటపడుతుంది.

కార్యవర్గ సభ్యులకు నా మనవి ఇది: ప్రీ-ఫైనల్ మార్కులను బోర్డుపై పెట్టవద్దు. దిద్దిన జవాబు పత్రాలను వారంలోగా విద్యార్థుల చేతికే ఇప్పించండి. తప్పులు సవరించుకొనడానికి అధ్యాపకుని వద్ద కూర్చొనే గంటలను టైంటేబుల్‌లో చేర్చండి. హాజరు చాలనివారిని ఆపే నిబంధన ఎట్లాగూ ఉన్నది. మార్కుల పేరిట ఎవరినీ ఆపవద్దు.