పెద్ద దర్వాజ, వెనక దర్వాజ

కరీంనగర్‌, ఆదిలాబాద్‌ పల్లెల్లోని గడీల మీద ఒక సదస్సుకి వెళ్లాను. తెరమీద వరసగా ఫొటోలు: రేకులు తీరిన కమానులు, డంగుసున్నం గోడలు, జాలీలు, బురుజులు. ‘ఇస్లామిక్‌ నిర్మాణానికీ మన మండువా ఇంటికీ జరిగిన అందమైన పెళ్లి’ అన్నారు వక్త. ఇంకొకాయన లేచి, ‘మన దొరసానులు ఘోషాలోకి వెళ్లిందీ ముస్లింల ప్రభావంతోనే’ అన్నారు. ఇద్దరికీ చప్పట్లు కొట్టారు.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. జగిత్యాల దగ్గర ఒక గడిలో ఆమె చిన్నతనమంతా వెట్టిలోనే పోయింది. ‘పెద్ద దర్వాజ దొరలకు బిడ్డా. మేం ఎనుక దర్వాజకెల్లి పోయెటోళ్లం’ అనేది.

పెళ్లి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. దొరబిడ్డ అత్తారింటికి వెళ్తే వెంట ఆడబాపల్ని కూడా పంపేవాళ్లే, వాళ్లు ఏ ఫొటోలో ఉన్నారు? దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చదివినవాళ్లకి ఆడబాప తెలుసు. వారసత్వ సంపద గురించి రాసేవాళ్లకి మాత్రం తెలియదు.

ఇక ఘోషా. కమాను, దర్వాజ, దివాన్‌ఖానా పారశీకం నుంచి వచ్చిన మాటలే, ఒప్పుకుంటాను. కానీ కమాను ఎవరినీ బంధించదు. దొరసానిని జాలీ వెనక కూచోబెట్టి, అదే ఇంట్లో శూద్ర, దళిత స్త్రీల ఒంటిమీద ఏ మరుగూ లేకుండా చేసింది దొరతనం. ఒకరి పరదా కులగౌరవం, ఇంకొకరికి పరదా లేకపోవడం దొర హక్కు. ఈ లెక్క వేసింది వెలమ, రెడ్డి దొరలు. దాన్ని ముస్లింల ఖాతాలో రాస్తే మన పితృస్వామ్యం చేతులు కడిగేసుకుంటుంది. 1923లో వెట్టిని నిషేధిస్తూ నిజాం ఫర్మానా ఇచ్చాడు, గడి దాన్ని లెక్కచేయలేదు. అంతమాత్రాన నిజాం నిర్దోషి కాడు. ఈ దొరల భుజాలమీదే ఆయన రాజ్యం నిలబడింది.

1948లో ఆ రాజ్యం పోయింది, గడి పోలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు వేలాదిమంది కదిలాకే దొరలు పట్నాల దారి పట్టారు. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గడి చరిత్రంటే ఇది కూడా.

గడీల్ని కూల్చమని నేననను. ఆ సున్నం నూరిందీ, ఆ రాళ్లు మోసిందీ మావాళ్లే. బాగు చేయండి, చూపించండి. కానీ చూడవచ్చినవాళ్లను ముందు వెనక దర్వాజ నుంచి తీసుకెళ్లండి. వడ్లు దంచిన చోటు, ఆడబాపలు పడుకున్న అర్ర చూపించండి. కమాను అందం గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.